పొగగొట్టానికి ఒక రేకు గరాటు: బేర్ సరాయ్‌లో మేము నేర్చుకున్న పాఠం

ఢిల్లీ మహానగరపు దక్షిణ భాగంలో, జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికీ ఐ.ఐ.టి.కీ సమీపంలో ఒదిగి ఉన్న చిన్న ఊరు బేర్ సరాయ్. హిందీలో బేర్ అంటే రేగుపండు, సరాయ్ అంటే బాటసారుల సత్రం. జియా సరాయ్, కట్వారియా సరాయ్, లాడో సరాయ్ అంటూ ఆ పరిసరాలలో సరాయ్ పేరుగల ఊళ్ళు మరికొన్ని ఉన్నాయి. నేడు అక్కడ సత్రాలు కానరావు కాని, బాటసారుల వంటి వారు మాత్రం నిత్యం వస్తూనే ఉంటారు. సివిల్ సర్వీసుల పరీక్షలకు చదువుకొనే యువతీ యువకులు, వారికోసం వెలసిన పుస్తకాల దుకాణాలు, జిరాక్సు కేంద్రాలు, టీ కొట్లు ఆ వీధికి కళ తెచ్చిపెట్టినవి. ఆ రద్దీలో తెలుగు మాట చెవిన పడని రోజు మాకు లేదనే చెప్పాలి.

ఉద్యోగరీత్యా ఢిల్లీకి బదిలీ అయి, కొన్నేళ్ళ పాటు ఆ ఊరి సమీపంలోని ఒక వసతి సముదాయంలో కాపురమున్న వారము మేము. మాలో ముగ్గురము ఆ సముదాయపు నిర్వహణ సంఘంలో సభ్యులము. నీటి మోటార్లు, లిఫ్టులు, మెట్ల దీపాలు ఆగిపోకుండా చూడడం మా వంతు. కరెంటు పోయినప్పుడు వీటన్నిటినీ నడిపేది నేల అంతస్తులో ఉన్న 100 కె.వి.ఎ. డీజిల్ జనరేటరు. దాని గదికి ఆనుకొని కాపలాదారు గది. పిల్లలందరూ ఆయనను చాచా అని పిలిచేవారు.

ఆ జనరేటరు పొగగొట్టంలో మూరెడు పొడవు కూడా లేని ఒక రేకు గరాటు ఉండేది. అంత చిన్న వస్తువు ఒక మనిషి ప్రాణానికి సంబంధించినదని మేము ఆలస్యంగా తెలుసుకొన్నాము. ఆ అనుభవాన్ని మన సంస్థలోని సోదర ఉద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలన్నదే ఈ వ్యాసపు ఉద్దేశం.

చలికాలపు తలనొప్పి

డిసెంబరు నెలాఖరు. ఢిల్లీ చలి సంగతి అక్కడ ఉన్నవారికి చెప్పనక్కరలేదు. తలుపులు, కిటికీలు బిగించుకొని, సందులలో పాత గుడ్డలు కుక్కి నిద్రించే రోజులవి. ఒక వారం పాటు రాత్రివేళ తరచుగా కరెంటు పోయినది. జనరేటరు గంటల తరబడి నడిచినది. ఆ వారంలోనే చాచా తలనొప్పి అని ఒకసారి, వికారం అని మరొకసారి మాతో అన్నాడు. పైత్యమని ఒకరు, చలిగాలి తగిలినదని మరొకరు తోచిన సలహా ఇచ్చాము. మా ఇళ్ళలోని ఆడవారు శొంఠి కషాయం చేసి పంపారు. పగలు ఎండలో కూర్చుంటే ఆయనకు తగ్గిపోయేది, రాత్రి మరల వచ్చేది.

ఒకనాటి తెల్లవారుజామున పాలు తెచ్చేందుకు వెళ్ళిన మాలో ఒకరు తలుపు తట్టగా ఆయన లేవలేకపోయాడు. ఇద్దరం పట్టి బయటకు తెచ్చి, ఆసుపత్రికి చేర్చాము. ప్రాణవాయువు అందించిన తరువాత తేరుకున్నాడు. అక్కడి వైద్యుడు మందుల చీటీ వ్రాయడానికి ముందు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈయన ఎక్కడ పడుకుంటాడు?

ఆ ప్రశ్నకు సమాధానం జనరేటరు గదిలో దొరికినది. ఇంజను నుండి పొగ బయటకు పోయే దారిలో, సైలెన్సరు తరువాత, నాలుగంగుళాల గొట్టం ఆరంగుళాల గొట్టంగా మారేచోట, ఒక రేకు గరాటు అతికించి ఉన్నది. దాని చుట్టూ నల్లని మసి చారలు, ఎండకు ఎండిన చెరువుమట్టి పగుళ్ళవలె వ్యాపించి ఉన్నాయి. మసి కనిపించినచోటనల్లా పొగ కారుతున్నదని అర్థం. ఆ పొగ పక్కగోడలోని పైపుల రంధ్రం గుండా చాచా గదిలోకి చేరుతున్నది.

పొగలోని మసి కంటికి కనబడుతుంది, దాని ఘాటు ముక్కుకు తెలుస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడు వాయువుకు మాత్రం రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకొనే దానికంటె 200 రెట్లకు పైగా గట్టిగా ఈ విషవాయువును పట్టుకొంటుంది. పెట్రోలు ఇంజనుతో పోల్చితే డీజిల్ ఇంజను నుండి ఇది తక్కువగా వెలువడుతుందన్నది నిజమే. కాని మూసిన గదిలో, గంటల తరబడి, కొద్దికొద్దిగా చేరినా ప్రమాదమే. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం దీని తొలి లక్షణాలు. బయటి గాలిలోకి రాగానే తగ్గి, గదిలోకి వెళ్ళగానే తిరిగి వచ్చే తలనొప్పిని ఎవరూ పైత్యమని కొట్టివేయరాదు. మేము చేసిన మొదటి పొరపాటు అదే.

గొట్టం వెడల్పు కావలసిన అవసరమేమి?

ఇంజను విడిచిన పొగను గదిలోనో, కిటికీ పక్కనో వదలరాదు. భవనం కంటె ఎత్తుకు తీసుకొనిపోయి వదలాలి. ఎంత ఎత్తుకు అన్నదానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక సులువైన సూత్రం ఇచ్చినది. జనరేటరు కె.వి.ఎ. సంఖ్యకు వర్గమూలం తీసి, దానిని 0.2తో గుణించి, వచ్చిన మీటర్లను భవనపు ఎత్తుకు కలపాలి. 100కు వర్గమూలం 10, దానిలో 0.2 వంతు 2. కనుక మా 100 కె.వి.ఎ. జనరేటరు గొట్టం భవనం కంటె 2 మీటర్లు పైకి ఉండాలి. నాలుగంతస్తుల భవనమంటే ఎంత పొడవైన గొట్టమో పాఠకులు ఊహించుకొనవచ్చును.

అంత పొడవు గొట్టంలో పొగను నెట్టడానికి ఇంజను శ్రమపడాలి. ఆ శ్రమ ఎక్కువైనకొద్దీ డీజిల్ ఖర్చు పెరుగుతుంది, ఇంజను వేడెక్కుతుంది, పొగ నల్లబడుతుంది. గొట్టం వ్యాసాన్ని ఒకటిన్నర రెట్లు చేసినచో, అదే పరిమాణంలో పొగ పోయేటప్పుడు కలిగే ఒరిపిడి నష్టం దాదాపు ఏడున్నర వంతులలో ఒక వంతుకు దిగిపోతుంది. నాలుగంగుళాల సైలెన్సరు మూతికి ఆరంగుళాల గొట్టం కలపడంలోని ఆంతర్యం ఇదే.

అయితే రెండు గొట్టాలను తెగ్గోసినట్లు ఒక పలకతో కలిపితే సరిపోదా అన్న సందేహం కలుగవచ్చును. ఇరుకు దారిలో వేగంగా వచ్చిన వాయువు ఒక్కసారిగా విశాలమైన చోటికి చేరినప్పుడు మూలలలో సుడులు తిరిగి తన శక్తిని వృథా చేసుకొంటుంది. 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి శాస్త్రవేత్త బోర్డా ఈ నష్టాన్ని లెక్కగట్టాడు. ఆ లెక్క ప్రకారం మా గొట్టాల విషయంలో, వచ్చే వాయువు గమనశక్తిలో నూటికి 31 వంతులు ఆ మెట్టు దగ్గరే పోతుంది. పైగా ఆ మూలలలో మసి, నీరు పేరుకొంటాయి. అదే గొట్టం నిదానంగా, గరాటువలె విప్పారితే నష్టం చాలవరకు తగ్గుతుంది. గరాటు రెండు పక్కల వాలుల మధ్య కోణం ఏడెనిమిది డిగ్రీల దగ్గర నష్టం అతి తక్కువ. ఆ కోణం 60 డిగ్రీల దరిదాపులకు చేరితే మెట్టు కంటె గరాటే ఎక్కువ నష్టం కలిగిస్తుంది. పొట్టిగా, బోర్లించిన మూకుడువలె చేసిన గరాటు చూపుకు చక్కగా ఉన్నా ప్రయోజనం ఉండదన్నమాట.

ఈ గరాటును వ్యాపార పరిభాషలో రెడ్యూసరు అంటారు. వెడల్పు నుండి సన్నానికి వచ్చినా, సన్నం నుండి వెడల్పుకు పోయినా పేరు అదే. నిలువు గొట్టానికి రెండు మూతుల కేంద్రాలు ఒకే రేఖపై ఉండే గరాటు సరిపోతుంది. పడక గొట్టమైతే అడుగుభాగం చదునుగా ఉండి పైభాగం మాత్రమే వాలిన గరాటు మేలు. పొగలోని ఆవిరి చల్లబడి నీరైనప్పుడు అది ఎక్కడా నిలువకుండా పోవాలి కదా.

కాగితం మీద శంకువు

పాత గరాటును మార్చడానికి నిశ్చయించాము. మాలో ఒకరు యౌవనంలో విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల దగ్గర రేకు పని చూచి, కొంత చేసినవారు. ఆయన మాటల్లో చెప్పాలంటే, రేకు పనిలో సగం పని కత్తెర పట్టకముందే అయిపోవాలి.

గరాటు అంటే కొన కోసివేసిన శంకువు. దానిని నిలువుగా ఒక గీత వెంబడి కత్తిరించి నేలమీద పరిచినచో ఏ ఆకారం వస్తుంది? ఇదే ప్రశ్న మా ఇంటి పిల్లలను అడిగితే, పైన సన్నం, క్రింద వెడల్పు, రెండు పక్కలా వాలు గీతలు గల ట్రెపీజియం గీసి చూపారు. పెద్దవారిలో కూడా చాలామంది అదే గీస్తారు. దానిని చుట్టి చూడండి. మూతి సమంగా రాదు. ఒకచోట పొడుచుకొని వచ్చి, మరొకచోట లోపలికి పోయి, బల్లమీద నిలబెడితే ఊగుతుంది. సరియైన ఆకారం విప్పిన విసనకర్ర వంటిది. పైన ఒక పెద్ద చాపం, క్రింద ఒక చిన్న చాపం, రెండూ ఒకే కేంద్రం నుండి గీసినవి.

గుర్తుంచుకోవలసిన లెక్కలు మూడు మాత్రమే. మొదటిది వాలు పొడవు. రెండు వ్యాసాల తేడాలో సగాన్నీ, గరాటు ఎత్తునూ తీసుకొని, రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. పదవ తరగతి పిల్లలకు తెలిసిన పైథాగరస్ సూత్రమే ఇది. రెండవది చాపాల వ్యాసార్ధాలు. వాలు పొడవును పెద్ద వ్యాసంతో గుణించి వ్యాసాల తేడాతో భాగిస్తే పెద్ద చాపపు వ్యాసార్ధం, చిన్న వ్యాసంతో గుణించి భాగిస్తే చిన్న చాపపు వ్యాసార్ధం వస్తాయి. మూడవది కోణం. వ్యాసాల తేడాను 180తో గుణించి వాలు పొడవుతో భాగించాలి.

మొదట మేము వేసిన లెక్క ఇది. పెద్ద వ్యాసం 150, చిన్న వ్యాసం 100 మి.మీ. తేడా 50, అందులో సగం 25. ఎత్తు 312 మి.మీ. అనుకున్నాము. వాలు పొడవు సరిగ్గా 313 వచ్చినది. పెద్ద చాపానికి వ్యాసార్ధం 939, చిన్న చాపానికి 626 మి.మీ. కోణం సుమారు 28.75 డిగ్రీలు. గరాటు పక్కల మధ్య కోణం 9 డిగ్రీల పైచిలుకు. అంకెలు ఇంత చక్కగా కుదిరినందుకు ఎంతో సంతోషించాము. ఆ సంతోషం ఒక్కరోజు ముచ్చటే అయినది.

మొదటి గరాటు ఏమైనది?

మునిర్కా సందులలో రేకు పని చేసే ఒక మేస్త్రీని ఆశ్రయించాము. నాలుగు తరాలుగా అదే పని చేస్తున్న కుటుంబం. మా కాగితం ఆయన చేతికి ఇచ్చాము. మరునాటి సాయంత్రానికి గరాటు సిద్ధమైనది. ముచ్చటగా ఉన్నది, బల్లమీద ఊగకుండా నిలిచినది. తీరా జనరేటరు దగ్గరకు తెచ్చి గొట్టానికి ఆనిస్తే, చుట్టూ దాదాపు 7 మి.మీ. చొప్పున చిన్నదైనది.

మేము కోపగించుకొనబోయాము. ఆయన జేబులోని కాగితం తీసి చూపించాడు.

"బాబూజీ, మీరు వ్రాసినది 100. నేను కోసినది 100. గొట్టాన్ని కొలిచి వ్రాశారా, గొట్టం పేరు చూచి వ్రాశారా?"

మా దగ్గర సమాధానం లేదు. నాలుగంగుళాల గొట్టం అన్నది దాని పేరు మాత్రమే. ఆ పేరు లోపలి రంధ్రానికి దరిదాపుగా పెట్టినది. బయటి నుండి కొలిస్తే మన దేశంలో దొరికే నాలుగంగుళాల ఇనుప గొట్టం వ్యాసం 114 మి.మీ. పైచిలుకు. ఆరంగుళాల గొట్టం సుమారు 165 మి.మీ. గొట్టం చుట్టూ టేపు చుట్టి, వచ్చిన చుట్టుకొలతను 3.14తో భాగించి ఉంటే రెండు నిమిషాలలో తెలిసిపోయేది. పుస్తకపు లెక్క అంత శ్రద్ధగా వేసిన మేము, కొలవవలసిన వస్తువును కొలవలేదు.

మేస్త్రీ మంచితనంతో ఒక ఉపాయం చెప్పాడు. సందు ఎంతో లేదు, వెల్డింగు రాడ్డు కరిగించి నింపివేస్తాను, పైన రంగు వేస్తే ఎవరికీ తెలియదు అన్నాడు. మాలో ఒకరికి అది సబబుగానే తోచినది. రాత్రికి కరెంటు పోతే లిఫ్టు నడవాలి, ఎముకలు కొరికే చలిలో వృద్ధులు మెట్లు ఎక్కాలి. అప్పుడు ఆటోనగర్ పని తెలిసిన మా మిత్రుడు తీసి పక్కన పెట్టిన పాత గరాటును తెచ్చి తిప్పి చూపారు. దాని మూతి చుట్టూ కూడా వేలెడు మందాన వెల్డింగు ముద్ద ఉన్నది. ఒకనాడు ఎవరో ఇలాగే సందును నింపి, రంగు వేసి వెళ్ళారు. పగిలినది సరిగ్గా అక్కడే.

"ఉస్తాద్‌జీ, మళ్ళీ చేద్దాం. రేకు ఖర్చు మాది, తప్పు మాది," అన్నాము. ఆ రాత్రి లిఫ్టు ఆగినది. ఎవరూ ఫిర్యాదు చేయలేదని చెప్పలేము.

రెండవసారి: గీత, కత్తెర, సుత్తి, నిప్పు

ఈసారి మేస్త్రీ కూడా మాతో వచ్చి గొట్టాలు కొలిచాడు. రేకుకు మందం ఉంటుంది కనుక లోపలి వ్యాసమూ కాక, బయటి వ్యాసమూ కాక, మందం నడిమి వ్యాసాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఆయన చెప్పాడు. మేము వాడినది 16 గేజి రేకు, అంటే 1.6 మి.మీ. మందం. లోపలి కొలతకు బదులు బయటి కొలత వేసినచో వ్యాసంలో 3.2 మి.మీ., చుట్టుకొలతలో 10 మి.మీ. తేడా వస్తుంది. ఆ 10 మి.మీ. చివరకు సందుగానో, ముడతగానో తేలుతుంది.

కొత్త లెక్కలో పెద్ద వ్యాసం 164, చిన్న వ్యాసం 114 మి.మీ. తేడా మునుపటివలెనే 50 కనుక ఎత్తు 312, వాలు పొడవు 313, కోణం 28.75 డిగ్రీలు మారలేదు. వ్యాసార్ధాలు మాత్రం 1027, 714 మి.మీ. అయినవి. మీటరుకు మించిన వ్యాసార్ధం గీయడానికి ఏ కంపాసు సరిపోతుంది? మేస్త్రీ ఒక సన్నని ఇనుప పట్టీ తీసుకొని, ఒక చివర మేకు పట్టేంత రంధ్రం చేసి, అక్కడి నుండి 714 వద్ద ఒకటి, 1027 వద్ద ఒకటి రంధ్రాలు చేశాడు. మేకును రేకు పక్కనే ఉంచిన చెక్కపై దిగగొట్టాడు. మొనదేలిన సూదిని రంధ్రంలో పెట్టి పట్టీని తిప్పగా రెండు చాపాలు రేకుపై మెరిసే గీతలుగా పడినవి. కోణమానిని ఆయన ముట్టలేదు. పెద్ద చాపం వెంబడి టేపును వంచి 515 మి.మీ., చిన్న చాపం వెంబడి 358 మి.మీ. గుర్తు పెట్టాడు. ఆ గుర్తులను కలిపే గీత సూటిగా మేకు దగ్గరకు పోతే లెక్క సరియైనట్లు, పక్కకు పోతే తప్పినట్లు. ఆ గీత మేకును తాకినది.

పెద్ద చాపపు రెండు చివరలను సూటి గీతతో కలిపి చూస్తే, నడిమి భాగం ఆ గీతకంటె 32 మి.మీ. పైకి ఉబికి ఉన్నది. మా పిల్లలు గీసిన ట్రెపీజియంలో లోపించినది ఆ 32 మిల్లీమీటర్లే.

కత్తిరించిన రేకు అంచులను ఆకురాయితో నునుపు చేసిన తరువాత, రెండు చాపాలనూ 16 సమాన భాగాలు చేసి, ఎదురెదురు గుర్తులను సున్నపుముక్కతో కలిపాడు. వంపు ఎక్కడ పడితే అక్కడ కొట్టరాదు, ఈ గీతల వెంబడే కొట్టాలి. దిమ్మెకు బిగించిన లావుపాటి గొట్టంపై రేకును ఆనించి, చెక్క సుత్తితో ముందుగా రెండు చివరలనూ వంచాడు. చివరలను ఆఖరుకు వదిలితే అవి చదునుగానే మిగిలిపోయి, అతుకు దగ్గర గరాటు ముక్కువలె పొడుచుకొని వస్తుందట. తరువాత ఒక్కొక్క గీతపై తేలికపాటి దెబ్బలు వేస్తూ నడిమికి వచ్చాడు. గట్టిగా కొట్టిన దెబ్బ రేకును సాగదీస్తుంది, సాగిన రేకు మళ్ళీ దారికి రాదు.

అంచులు కలిసిన తరువాత అతుకు వెంబడి చిన్న చిన్న టాకాలు వేశాడు. ముందు నడుమ ఒకటి, పిదప రెండు కొనలలో చెరి ఒకటి, ఆపైన వాటి మధ్య భాగాలలో. ఒక చివర నుండి మరొక చివరకు వరుసగా వేస్తూ పోతే వేడికి రేకు వంకరపోయి రెండవ చివర అంచులు ఎగుడుదిగుడు అవుతాయి. అన్నీ కుదిరిన తరువాతనే గ్యాసు వెల్డింగుతో అతుకు పూర్తిచేశాడు. రెండు మూతులకూ ఫ్లాంజీలు పెట్టి, బోల్టులతో బిగించే ఏర్పాటు చేశాము. ఏటా విప్పి మసి తుడవడానికి వీలుండాలన్నది మా కోరిక. పూర్తియైన గరాటు, ఫ్లాంజీలు కాక, దాదాపు కిలోన్నర నుండి రెండు కిలోల లోపు తూగినది.

ఈ పనిలో ఒక జాగ్రత్త తప్పక చెప్పాలి. తుప్పు పట్టదు కదా అని జింకు పూత గల రేకును వెల్డింగు చేయరాదు. జింకు 907 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే ఆవిరైపోతుంది, వెల్డింగు మంట వేడి దానికంటె ఎంతో అధికం. ఆ తెల్లని పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం వస్తుంది. మేస్త్రీ తండ్రి అటువంటి రోజులలో బెల్లం తిని పడుకునేవాడట. బెల్లం మందు కాదు, పూత లేని రేకు వాడడం, గాలి ఆడేచోట పని చేయడం మందు. అదే విధంగా గొట్టాల కీళ్ళకు ఒకప్పుడు చుట్టే ఆస్బెస్టాస్ తాడుకు బదులు గాజునార తాడు వాడాము. ఆస్బెస్టాస్ ధూళి క్యాన్సరు కారకమని వైద్య ప్రపంచం ఏనాడో నిర్ధారించినది.

కిరోసిన్, సుద్ద, ఒక పరీక్ష

గరాటు కారదని నమ్మడమెలా? మేస్త్రీ తాతల నాటి పద్ధతి చూపించాడు. అతుకు బయటివైపు సుద్దను నీటిలో కలిపి పూశాడు. ఆరిన తరువాత లోపలివైపు కిరోసిన్ రాశాడు. సూదిమొన అంత రంధ్రం ఉన్నా కిరోసిన్ దాని గుండా పాకి తెల్లని సుద్దపై మచ్చగా కనబడుతుంది. అరగంట వేచి చూశాము. ఒకచోట శనగగింజ అంత మచ్చ తేలినది. ఆయన మారు మాటాడకుండా ఆ చోటు గీకి, కిరోసిన్ పూర్తిగా తుడిచి, కడిగి, ఆరబెట్టి, తిరిగి వెల్డింగు చేశాడు. రెండవ పరీక్షలో సుద్ద తెల్లగానే ఉన్నది.

పాత గరాటు పగలడానికి ఇంకొక కారణం కూడ ఉన్నదని బిగించేటప్పుడు తెలిసినది. ఇనుము వేడికి సాగుతుంది. 10 మీటర్ల ఉక్కు గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 36 మి.మీ. పెరుగుతుంది. పైన గోడకు, క్రింద ఇంజనుకు గట్టిగా బిగించిన గొట్టం ఆ పెరుగుదలను ఎక్కడ దాచుకొంటుంది? బలహీనమైన అతుకు మీద పడుతుంది. అందువలన ఇంజనుకూ గొట్టానికీ మధ్య హార్మోనియం తిత్తివలె ముడుచుకొని విచ్చుకొనే బెల్లోస్ అమర్చి, గొట్టం బరువును గోడ బ్రాకెట్లపై ఆనించాము. గోడలోని రంధ్రాన్ని సిమెంటుతో మూసివేశాము. చాచా పడకను భవనానికి ఆవలివైపు గదికి మార్చాము. నిజానికి ఈ చివరి రెండు పనులు మొదటి రోజునే చేయవలసినవి.

మారిన కాలం, మారని గరాటు

ఢిల్లీ గాలి కథలో ఈ గరాటుకు సొంత స్థానం ఉన్నది. 1995 ఏప్రిల్ నుండి ఢిల్లీతో సహా నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కాటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి అయినది. దాని డబ్బాకు రెండు వైపులా ఉండేవి గరాటులే. సన్నని గొట్టంలో వచ్చిన పొగ, లోపలి జల్లెడ ముఖమంతటా సమంగా పరచుకోవాలంటే గరాటు సరిగా ఉండాలి, లేనిచో నడిమి భాగం మాత్రమే పనిచేసి త్వరగా చెడిపోతుంది. 1998 జూలైలో సుప్రీం కోర్టు ఇచ్చిన ఆదేశం మేరకు ఢిల్లీ నగర బస్సులు డీజిల్ నుండి సి.ఎన్.జి.కి మారగా, 2002 చివరికి ఆ మార్పు పూర్తియైనది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ డీజిల్ పొగను మానవులలో క్యాన్సరు కలిగించే వాటి జాబితాలో చేర్చినది.

2023 అక్టోబరు నుండి జాతీయ రాజధాని ప్రాంతంలో డీజిల్ జనరేటర్లపై నిబంధనలు బిగిసినవి. పెద్ద జనరేటర్లను గ్యాసుతో కూడ నడిచేటట్లు మార్చుకోవడమో, పొగను శుద్ధిచేసే పరికరం తగిలించుకోవడమో చేయవలసి వచ్చినది. ఆ పరికరాన్ని పాత గొట్టానికి కలిపేచోట మరల ఒక రేకు గరాటే అవసరం. వస్తువు పాతదైనా పని తీరలేదు.

గృహస్థులకు, నిర్వహణ సంఘాలకు కొన్ని మాటలు

1. జనరేటరు గదిలోను, దానిని ఆనుకొన్న గదిలోను ఎవరినీ నిద్రించనీయరాదు. గోడలోని రంధ్రాలు మూయించాలి.

2. పొగగొట్టం అతుకులపై మసి చార కనిపిస్తే అది కారుతున్నట్లే. రంగు వేసి కప్పరాదు.

3. బయటి గాలిలో తగ్గి, గదిలో తిరగబెట్టే తలనొప్పి కలిగినవారిని వెంటనే ఆరుబయటకు తెచ్చి, వైద్యునికి చూపాలి.

4. గరాటు చేయించేముందు గొట్టాన్ని చుట్టూ కొలవండి. గొట్టం పేరును కొలతగా వ్రాయకండి.

5. మొదట కాగితంతో గరాటు చేసి గొట్టంపై పెట్టి చూడండి. కాగితం చవక, రేకు ప్రియం, ప్రాణం అన్నిటికంటె ప్రియం.

ఈ అయిదవ సూచన మా పిల్లల పుణ్యం. రెండవ గరాటు బిగించిన తరువాత ఒక ఆదివారం వారు పాత క్యాలెండరు అట్టపై దారంతో చాపాలు గీసి, 164, 114 కొలతలతో గరాటు చేశారు. తీసుకొనిపోయి గొట్టం ముక్కపై పెడితే సరిగ్గా కూర్చున్నది. మేము కూడా మునిర్కా వెళ్ళకముందు ఈ పని చేసి ఉంటే ఒక రేకు, ఒక రోజు, ఇరుగుపొరుగుల చేత కొన్ని మాటలు మిగిలి ఉండేవి.

ఆ సాయంత్రం వీధి మొగలో బండివాడు వేడివేడి వేరుశనగలు అమ్ముతుండగా చాచా పిల్లలందరికీ కొనిపెట్టాడు. ఆ కాలమంతా రాత్రిళ్ళు కరెంటు పోయినప్పుడల్లా మేము క్రిందికి దిగి, టార్చిలైటు వేసి ఆ అతుకులను చూచి వచ్చేవారము. సుద్ద పూత ఆనవాళ్ళు ఇంకా తెల్లగానే ఉండేవి.